ఏ నూనె మంచిది?

రెండేళ్ల క్రితం మా నాన్నగారికి గుండెపోటు వచ్చింది. గండం గడిచి ఆయన ఇంటికి వచ్చిన రోజే అమ్మ నేతిగిన్నెను అటకెక్కించింది. ‘కొలెస్టరాల్ లేని నూనె’ అని పెద్ద అక్షరాలతో రాసివున్న అయిదు లీటర్ల డబ్బా తెప్పించింది. “గుండెకు మంచిదట, ఇక భయం లేదు” అంటూ ఆ నూనెతో వేపుళ్లు, అప్పడాలు ధారాళంగా వండింది. మూడు నెలల తర్వాత రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరుగారు పెదవి విరిచారు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్న నన్ను అమ్మ నిలదీసింది: “ఇంత చదువుతున్నావు, ఏ నూనె మంచిదో చెప్పలేవుట్రా?” ఆ ప్రశ్నకు నేను వెతుక్కున్న జవాబే ఈ వ్యాసం.

ముందు డబ్బా మీది మాట సంగతి చూద్దాం. కొలెస్టరాల్ జంతు సంబంధమైన పదార్థాలలో ఉండేది. గింజల నూనెలో అది లేదని గొప్పగా చెప్పుకోవడం, మా ఉప్పులో పంచదార లేదని చెప్పుకోవడం వంటిదే!

అసలు చూడవలసింది కొవ్వు ఆమ్లాలను. ఇవి మూడు రకాలు: సంతృప్త, ఏక అసంతృప్త, బహుళ అసంతృప్త ఆమ్లాలు. ప్రతి నూనె ఈ మూడింటి కలగలుపే. సంతృప్త కొవ్వు ఎక్కువైతే రక్తంలో చెడ్డ కొలెస్టరాల్ పెరుగుతుంది. ఇది కొబ్బరినూనెలో దాదాపు 90 శాతం, నేతిలో 60 శాతానికి పైగా, పామాయిలులో సుమారు సగం ఉంటుంది. వేరుశనగ, నువ్వులు, తవుడు నూనెల్లో అయిదో వంతుకు కాస్త అటూ ఇటూ. పొద్దుతిరుగుడు నూనెలో ఇంకా తక్కువ, పదో వంతు మాత్రమే.

అయితే పొద్దుతిరుగుడు నూనే అన్నిటికీ వాడేద్దామా? అక్కడే ఉంది చిక్కు. మామూలు పొద్దుతిరుగుడు నూనెలో బహుళ అసంతృప్త ఆమ్లాలు ఎక్కువ. వాటిలోని జంటబంధాలు వేడికి, గాలికి త్వరగా చెడతాయి. కాబట్టి బూరెలకూ బజ్జీలకూ వేరుశనగ నూనో, తవుడు నూనో నయం. అదైనా మళ్లీ మళ్లీ కాచకూడదు. కాగిన నూనెలో ధ్రువ పదార్థాలు 25 శాతం దాటితే వాడరాదని మన దేశంలో 2018 నుంచి నియమం ఉంది. ఇంట్లో దాన్ని కొలిచే పరికరం ఉండదు గనుక నల్లబడినా, జిగురుగా మారినా, నురగ కట్టినా పారబోయడమే మేలు. హాస్టలు మిత్రులు సాయంత్రం బజ్జీల బండి దగ్గర ఒకసారి మూకుడులోకి తొంగి చూడగలరు!

ఇక వనస్పతి. 1937లో డాల్డా వచ్చిన నాటి నుంచి పేదవాడి నెయ్యిగా చలామణి అయింది. నికెల్ ఉత్ప్రేరకంతో నూనెకు హైడ్రోజన్ ఎక్కించి గడ్డకట్టిస్తారు. ఆ పని పూర్తిగా జరగకపోతే ట్రాన్స్ కొవ్వులు మిగులుతాయి. ఇవి చెడ్డ కొలెస్టరాల్‌ను పెంచి మంచిదాన్ని తగ్గిస్తాయి. 2022 జనవరి నుంచి నూనెలలోనూ కొవ్వులలోనూ వీటిని 2 శాతానికి పరిమితం చేశారు.

ఏ ఒక్క నూనెలోనూ అన్నీ సరిపాళ్లలో ఉండవు. వేరుశనగ, నువ్వుల నూనెల్లో ఒమేగా-3 దాదాపు శూన్యం. సోయా నూనెలో కొంత ఉంది; చేపల్లో, అవిసె గింజల్లోనూ దొరుకుతుంది. అందుకే నూనెలు మార్చి మార్చి వాడుకోవడం మంచిది.

అన్నిటికన్నా పెద్ద విషయం కొలత. ఏ నూనెకైనా గ్రాముకు 9 కేలరీలు, గానుగ నూనెకైనా అంతే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో 2,000 కేలరీల ఆహారానికి రోజుకు 27 గ్రాముల నూనె, కొవ్వు చాలన్నది. మా ఇంట్లో నలుగురం. నెలకు అయిదు లీటర్లంటే మనిషికి రోజుకు సుమారు 38 గ్రాములు! లెక్క చూసి అమ్మ నోరు నొక్కుకుంది. మూడున్నర లీటర్లతో సరిపెట్టుకోవాలన్న మాట.

ఇప్పుడు మా ఇంట్లో నూనె వంపడం లేదు, చెంచాతో కొలిచి వేస్తున్నారు. ఒక నెల వేరుశనగ, ఒక నెల సోయా. ఆవకాయకు మాత్రం నువ్వుల నూనే; అందులో అమ్మ ఎవరి మాటా వినదు. మందులు, నడక మానకుండా ఉన్న నాన్నగారికి డాక్టరుగారి అనుమతితో ఆదివారం పప్పన్నంలోకి చిన్న చెంచాడు నెయ్యి తిరిగి వచ్చింది.

మీరూ ఒక పని చేయండి. కొత్త డబ్బా తెరిచిన రోజు దాని మీద తేదీ రాసి ఉంచండి. అయిపోయిన రోజు లెక్క కట్టండి. ఏ నూనె మంచిదన్న ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది.