మర్దన తర్వాత నాలుగడుగులు

పంజాగుట్ట నుంచి అమీర్‌పేటకు మెట్రోలో ఒక్క స్టేషను దూరం. మోకాళ్ల నొప్పులకు మన పెద్దవాళ్లు ఆశ్రయించే రెండు వైద్యాలూ ఈ కాస్త దూరంలోనే ఉన్నాయి. పంజాగుట్టలోని నిమ్స్ మొదట నిజాం ట్రస్టు డబ్బుతో ఎముకల ఆసుపత్రిగా పుట్టింది. అమీర్‌పేటను ఆనుకున్న బల్కంపేటలో ప్రభుత్వ ప్రకృతి చికిత్సాలయం ఉంది. ఈ దారి పొడవునా మందుల దుకాణాల్లో నొప్పి తగ్గించే జెల్లు, మహానారాయణ తైలం ఒకే అరలో పక్కపక్కనే కనిపిస్తాయి. ఎక్స్‌రే చూసిన డాక్టరు నూనెలతో ఏమీ కాదంటాడు. ఇంట్లో వాళ్లు రోజూ తైలం పట్టిస్తే చాలంటారు. ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది. మర్దన ఇచ్చే ఉపశమనం నిజమైనదే కానీ, అది ఎక్కువసేపు నిలవదు. నిలిచినంతసేపూ కాలికి పని చెబితే అది మోకాలికి వైద్యమవుతుంది. రాయించుకుని మంచమెక్కితే అక్కడితో సరి.

ముందు మోకాలిలో జరిగేదేమిటో తెలుసుకోవాలి. గుజ్జు అరిగిపోయిందని మనం అంటున్నది ఎముకల చివర్లను కప్పి ఉంచే మృదులాస్థి గురించి. దానిలో రక్తనాళాలు లేవు, అందుకే దెబ్బతిన్న చోట అది సులువుగా పూడదు. దానిలో నరాలూ లేవు. నొప్పి పుట్టేది దాని కింది ఎముకలో, కీలును చుట్టిన పొరలో, బిగుసుకున్న కండరాల్లో. నొప్పికి భయపడి మనిషి నడక తగ్గిస్తాడు. నడక తగ్గితే తొడ ముందు భాగంలోని పెద్ద కండరం సన్నబడుతుంది. అది మోయాల్సిన బరువు కూడా కీలు మీదే పడి నొప్పి ఇంకా పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019 నాటికి ప్రపంచంలో సుమారు 52.8 కోట్ల మందికి కీళ్ల అరుగుదల ఉంది, వారిలో 36.5 కోట్ల మందికి అది మోకాళ్లలోనే. వీరిలో చాలామందిని కుంగదీస్తున్నది అరుగుదల ఒక్కటే కాదు, నొప్పి నుంచి కదలకపోవడానికి, కదలకపోవడం నుంచి మళ్లీ నొప్పికి తిరిగే ఈ చక్రం కూడా. నువ్వుల నూనె అయినా, ఆముదం అయినా, వావిలాకు కాచిన నూనె అయినా చర్మం దాటి లోపలికి దిగి అరిగిన గుజ్జును తిరిగి మొలిపించదు. అలా అమ్మజూపే సీసాను నమ్మక్కర్లేదు.

మరి రాస్తే హాయిగా ఎందుకుంటుంది? ఆ హాయి భ్రమ కాదు. దెబ్బ తగిలిన చోట మనకు తెలియకుండానే చేత్తో రుద్దుకుంటాం. స్పర్శను మోసుకెళ్లే సంకేతాలు వెన్నుపాములో నొప్పి సంకేతాలకు అడ్డుపడతాయని మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు 1965లో ప్రతిపాదించారు. దానికి తోడు వెచ్చటి నూనె బిగిసిన కండరాన్ని సడలిస్తుంది. అమెరికాలో మోకాలి అరుగుదల ఉన్న 222 మందిపై జరిగిన అధ్యయనం 2018లో వెలువడింది. వారానికొకసారి గంటసేపు చొప్పున 8 వారాలు మర్దన చేయించుకున్నవారికి, కేవలం తేలిగ్గా చేయి ఆనించే చికిత్స పొందినవారికంటే నొప్పి, బిగుతు ఎక్కువగా తగ్గాయి. ఏడాది గడిచేసరికి గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా మిగల్లేదు. హాంకాంగ్‌లో 59 మంది వృద్ధులపై జరిగిన పరిశోధన 2008లో వచ్చింది. అల్లం, నారింజ సుగంధ నూనెలతో మర్దన పొందినవారికి వారం తర్వాత కాస్త మేలు కనిపించింది, నాలుగు వారాల తర్వాత చూస్తే అది నిలవలేదు. చోటు వేరు, నూనె వేరు. రెండు చోట్లా తేలింది మాత్రం ఒకటే: ఉపశమనం ఉంది, అది కరిగిపోతుంది.

తరతరాలుగా వస్తున్న వైద్యాన్ని ఇంత చిన్న పరీక్షలతో కొలవవచ్చా అని ఆయుర్వేదాన్ని నమ్మేవారు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. అయితే ఆ సంప్రదాయం చెప్పింది మాత్రం ఒట్టి నూనె గురించేనా? అభ్యంగాన్ని, అంటే నూనె మర్దనను, దినచర్యలో భాగం చేసిన వాగ్భటుడి అష్టాంగ హృదయం ఆ వెంటనే వ్యాయామం గురించీ చెబుతుంది. జర్మనీలో 151 మంది మోకాలి రోగులపై 12 వారాల పాటు సాగి, 2018లో ప్రచురితమైన అధ్యయనంలో ఆయుర్వేద చికిత్స పొందినవారు మామూలు వైద్యం పొందినవారికంటే బాగా కోలుకున్నారు. ఆ చికిత్సలో మర్దనతో పాటు ఆహార నియమాలు, యోగాసనాలు, జీవనశైలి సలహాలు కూడా ఉన్నాయి. ఎవరికి ఏ చికిత్స అందుతోందో రోగులకు తెలుసు కాబట్టి, ఆ మేలులో నమ్మకం పాలు ఎంతో విడదీయలేం. నూనె వాటా ఎంతో కూడా చెప్పలేం. అంతా కలిపి చేసినప్పుడు వచ్చిన ఫలితాన్ని ఒక్క సీసాకు కట్టబెట్టడం మాత్రం ఆ సంప్రదాయానికే అన్యాయం.

అటువైపు నుంచి డాక్టర్ల అభ్యంతరమూ ఉంది. అమెరికా రుమటాలజీ నిపుణుల సంఘం 2019 మార్గదర్శకాలు ఆధారాలు చాలవంటూ మర్దనను సిఫారసు చేయలేదు, వ్యాయామాన్ని మాత్రం గట్టిగా బలపరిచాయి. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2022లో ఇచ్చిన సలహా నాకు మరింత సబబుగా తోస్తుంది: చేత్తో చేసే చికిత్సలు కావాలంటే వ్యాయామంతో కలిపి చేయండి. నడిస్తే ఉన్న గుజ్జు కూడా అరిగిపోదా అన్నది ప్రతి ఇంట్లో వినిపించే భయం. అరగదు. మృదులాస్థికి రక్తం అందదు కాబట్టి, కీలు కదిలి ఒత్తిడి పడి వదిలినప్పుడే చుట్టూ ఉన్న ద్రవం నుంచి దానికి పోషణ అందుతుంది. బరువు సంగతి కూడా మరవకూడదు. ఒంట్లో ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులోనూ మోకాలిపై దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుందని పరిశోధనలో తేలింది. ఇంత మేలు ఏ తైలమూ చేయలేదు.

కాబట్టి మర్దనను వ్యాయామానికి ముందుమెట్టుగా వాడుకోవాలి. గోరువెచ్చని నూనెతో మోకాలి చుట్టూ, తొడ కండరం మీద పది పదిహేను నిమిషాలు నెమ్మదిగా రుద్దితే చాలు, మోకాలి చిప్పను గట్టిగా నొక్కక్కర్లేదు. ఆ తర్వాత కుర్చీలో కూర్చుని కాలు చాపి, తొడ బిగించి, అయిదు అంకెలు లెక్కపెట్టి దించాలి. ఒక్కో కాలికి పదిసార్లు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం ఓపిక ఉన్నన్నిసార్లు. తర్వాత నాలుగడుగులు. లేచే ముందు అరికాళ్లకు అంటిన నూనెను గుడ్డతో తుడవడం మరవకూడదు. టైల్స్ మీద కాలు జారి తుంటి విరిగితే మోకాలి నొప్పి చిన్న బాధ అనిపిస్తుంది.

కొన్నిచోట్ల చేయి వెనక్కి తీసుకోవాలి. మోకాలు ఎర్రగా వాచి, వేడిగా ఉండి, జ్వరం వస్తే అది కీలులో చీము కావచ్చు. పిక్క ఒక్కసారిగా వాచి నొప్పెడితే సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. ఈ రెండింటిలోనూ మర్దన చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. షుగరు వల్ల కాళ్లు మొద్దుబారినవారికి వేడి తెలియదు, వేడి నూనెతో, కాపడంతో చర్మం కాలిపోతుంది. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవారు ఘాటైన నొప్పి బామ్‌లలో ఉండే మిథైల్ సాలిసిలేట్‌ను డాక్టరును అడగకుండా రాసుకోకూడదు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

బల్కంపేట ఎల్లమ్మ గర్భగుడి నేలమట్టానికి కిందుగా ఉంటుంది. ఆషాఢంలో అమ్మవారి కల్యాణానికి వచ్చే పెద్దవాళ్లకు మెట్లంటేనే గుబులు. ఎక్కేటప్పుడు నొప్పిలేని కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి ఉన్న కాలు ముందు వేయాలన్న చిన్న సూత్రం వారికి ఎంతో సాయపడుతుంది. రోజూ సాయంత్రం అమ్మ కాళ్లకు నూనె రాసే కొడుకో కూతురో చేస్తున్నది చిన్న పని కాదు. ఆ చేతుల వెచ్చదనం తగ్గకముందే ఆమెను లేపి, చేయి పట్టుకుని వీధి చివరిదాకా నడిపిస్తే ఆ పని పూర్తవుతుంది. నిన్నటికంటే నాలుగడుగులు ఎక్కువ వేసిందా లేదా అన్నదే ఆ నూనెకు అసలైన పరీక్ష.