యజమాని లేని బ్యాంకు

ఇటలీలోని మిలాను నగరము ఆస్ట్రియావారి యేలుబడిలో నుండగా, 1823లో అచ్చట లొంబార్డీ పొదుపు బ్యాంకు వెలసెను. వర్తకులు దానిని స్థాపింపలేదు. 1816లో క్షామపీడితులకై యేర్పడిన ధర్మసంఘమే, కూలినాలి చేయువారు కలిగిననాడు నాలుగు కాసులు దాచుకొని లేనినాడు తీసికొనుటకై నెలకొల్పెను. వాటాదారులు లేరు, లాభమున కొంత ధర్మకార్యములకు పోవుచుండెను. మఱి యది యెవరి సొత్తు? దేవుని మాన్యమునకు ధర్మకర్తలుందురు గాని, యజమాని యెవ్వరు? నేను బడిలో చెప్పిన లెక్కలలో ఇట్టిది లేదు.

1990లో ఇటలీవారు చేసిన శాసనముచే చిక్కు విడినది: బ్యాంకు వాటాల సంస్థ యయ్యెను, ఆ వాటాలు ధర్మసంస్థకు చెందెను. 1998లో బ్యాంకు మఱియొకదానితో కలిసి ఇంతేసా యయ్యెను; 2007లో టూరిను నగరపు బ్యాంకును దానితో కూడెను. బ్యాంకు పాతపేరగు కరీప్లో నేడు ధర్మసంస్థకే మిగిలినది. ఆ పెద్ద బ్యాంకులో నూటికి సుమారు 5 పాళ్లు దానివి. రాబడిని విద్యకును, కళలకును, పేదసాదలకును వెచ్చించుచున్నది.