నీలిరంగు పెట్టెల విమానము

మన ఇళ్ళలో అమ్మలు ఎసరు పెట్టి, బియ్యం కొలిచి, అందులోనుంచి ఒక పిడికెడు తీసి కానుక డబ్బాలో వేస్తారు గదా. అటువంటి చిన్న కానుకలతో ఒక విమానాన్ని కొన్న సంగతి ఈ దినము మీతో చెప్పాలని ఆశ.

అమెరికాలో ఎపిస్కోపల్ సంఘపు స్త్రీలు ఇంట్లో ఒక నీలిరంగు పెట్టె పెట్టుకొని, దేవునికి కృతజ్ఞత చెప్పాలనిపించినప్పుడల్లా అందులో ఒక నాణెం వేసేవారు. వారి కృతజ్ఞతార్పణ 1889లో మొదలైంది. ఆ తొలి కానుకలో సగం అలాస్కాలోని ఆన్విక్ అనే ఊరిలో గుడి కట్టడానికి వెళ్ళింది.

అలాస్కా అంటే ఉత్తర అమెరికా ఖండానికి వాయవ్యపు కొన. విస్తీర్ణము సుమారు 17 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే మన దేశంలో సగానికి పైమాటే. ఊళ్ళు మాత్రం చుక్కలు పెట్టినట్లు దూరదూరంగా ఉంటాయి. చాలావాటికి రోడ్డు లేదు.

విలియం గోర్డన్ గారు 1943లో అక్కడి పాయింట్ హోప్ అనే ఊరికి మిషనరీగా వెళ్ళారు. ఆర్కిటిక్ వలయానికి పైన, సముద్రపు ఒడ్డున, తిమింగలాల వేటతో బతికే ఇనుపియట్ ప్రజల ఊరది. చలికాలంలో ప్రయాణమంటే కుక్కలు లాగే మంచుబండి. 1948లో, ముప్పై ఏళ్ళకే, ఆయన అలాస్కా అంతటికీ బిషప్పు అయ్యారు. కన్ఫర్మేషన్ ఇవ్వాలన్నా, గురువులను అభిషేకించాలన్నా బిషప్పే స్వయంగా వెళ్ళి చేతులుంచాలి గదా! అంత దేశం కుక్కల బండిమీద ఎట్లా తిరుగుతారు? అందుకే విమానం నడపడం నేర్చుకున్నారు. స్త్రీల కానుకతో కొన్న ఆ చిన్న విమానానికి 'బ్లూ బాక్స్', అంటే నీలిపెట్టె, అని పేరు. పైలట్టూ ఆయనే, బిషప్పూ ఆయనే.

వినడానికి హాయిగా ఉంది గానీ, ఆ చలిలో ఎగరడం ఎంత పనో చూడండి. మైనస్ నలభై డిగ్రీలలో ఇంజను ఆయిలు జిగురుగా గడ్డకడుతుంది. ఆ కాలపు పైలట్లు దిగగానే వేడి తగ్గకముందే ఆయిలును డబ్బాలోకి దింపుకొని, మరునాడు కాచి పోసేవారు. ఇంజను మీద మందపు గుడ్డ కప్పి, కింద స్టవ్వు వెలిగించి వెచ్చచేసేవారు. గుడ్డ అంటుకుంటే విమానమే పోతుంది. అందుచేత పక్కనే కాపలా ఉండాలి. శీతకాలంలో చక్రాలకు బదులు మంచుమీద జారే పలకలు కట్టాలి. అవి రాత్రికి మంచుకు అతుక్కుపోకుండా కింద కొమ్మలు పరచాలి.

దిక్సూచి ఒకటి. మన తిరుపతిలో ముల్లు చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా చాలా స్వల్పం. ఆ రోజుల్లో అలాస్కాలో చాలాచోట్ల తేడా ఇరవై డిగ్రీలు దాటేది. లెక్క కట్టకపోతే ఊరు ఒకవైపు, మనం మరొకవైపు.

అన్నిటికంటే భయము మంచుతెర. నేలా తెలుపే, ఆకాశమూ తెలుపే. ఏది పైనో ఏది కిందో కన్ను చెప్పలేదు. భాకరాపేట ఘాటులో మంచు కమ్మితే మన బస్సు డ్రైవరు బండి పక్కకు తీసి, బీడీ ముట్టించుకొని కూర్చుంటాడు. ఆకాశంలో పక్కకు ఆపే చోటేది? పెట్రోలు తరిగిపోతూనే ఉంటుంది. పక్కన అడగడానికి మరో మనిషి లేడు.

అందుచేత ఒంటరి పైలట్టు బయలుదేరక మునుపే తేల్చుకోవాలి, ఏ కొండ కనబడకపోతే వెనక్కి తిరగాలో, ఎంత పెట్రోలు మిగిలినప్పుడు తిరగాలో. నాకైతే ఇదే కష్టమని తోస్తుంది. నెలల తరబడి ఎదురుచూసిన సంఘము, పిల్లలకు శుభ్రమైన బట్టలు తొడిగి, విమానపు చప్పుడుకు చెవులొగ్గి ఉంటుంది. ఇంకొక్క కొండ దాటితే ఊరే. ఆ కొండ కనబడదు. అప్పుడు తిరిగిపోవాలి. విశ్వాసము చాలక కాదండి. తనకేమైనా అయితే, వెదకడానికి బయలుదేరే వాళ్ళు కూడా అదే మబ్బులోకి రావాలి.

గోర్డన్ గారు 1974 వరకు ఆ పరిచర్య చేశారు. 1994లో ప్రభువునందు నిద్రించారు. పాయింట్ హోపుకు నేటికీ బయటినుండి రోడ్డు లేదు. ఉత్తరాలైనా, ఆసుపత్రికి పోవలసిన రోగియైనా చిన్న విమానం మీదనే రావాలి, పోవాలి. అదీ ఆకాశము తెరిపి ఇస్తేనే.