ఛాతీ నొప్పంతా గ్యాస్ కాదు

సన్నగా, పొడుగ్గా ఎదుగుతున్న అబ్బాయి ఉన్నట్టుండి ఛాతీలో ఒకవైపు పొడుస్తోందని, ఆయాసంగా ఉందని అంటే మనం ఏం చేస్తాం? గ్యాస్ అనో, పట్టేసిందనో సర్దిచెప్పి పడుకోబెడతాం. ఒక్కోసారి అది ఊపిరితిత్తి ముడుచుకుపోవడం కావచ్చు. వైద్యులు దీన్ని న్యూమోథొరాక్స్ అంటారు.

ఊపిరితిత్తి చుట్టూ ప్లూరా అనే పలుచని పొరలు రెండుంటాయి. వాటి మధ్య ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి కంటే తక్కువ కాబట్టే ఊపిరితిత్తి విచ్చుకుని ఉంటుంది. ఊపిరితిత్తి పైభాగంలో ఏర్పడిన చిన్న గాలిబుడగ పగిలితే, గాలి ఆ పొరల మధ్యకు చేరుతుంది. అప్పుడు ఊపిరితిత్తి ముడుచుకుంటుంది. పొగతాగేవారికి ముప్పు ఎక్కువ.

కొన్ని కుటుంబాల్లో దీనికి జన్యువులే కారణం. 17వ క్రోమోజోమ్ మీది ఫోలిక్యులిన్ జన్యువును 2002లో గుర్తించారు. అందులో లోపం ఉంటే ఊపిరితిత్తుల్లో గాలితిత్తులు, ముఖం మీద చిన్న పొక్కులు, మూత్రపిండాల్లో కణితులు రావచ్చు. 15వ క్రోమోజోమ్ మీది ఫిబ్రిల్లిన్-1 లోపంతో వచ్చేది మార్ఫాన్ జబ్బు. వీరికి కాళ్లు, చేతులు, వేళ్లు బాగా పొడుగు. గుండె, కళ్లు కూడా చూపించుకోవాలి. తల్లిదండ్రుల్లో ఒకరికి ఈ లోపాల్లో ఏదైనా ఉంటే, ఆడైనా మగైనా ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగం. మన పిల్లలు బడిలో చదివే మెండెల్ బఠానీల పాఠమే ఇది. అయితే పొడుగ్గా ఉన్న ప్రతి పిల్లవాడికీ జబ్బు ఉన్నట్టు కాదు.

క్షయతో దెబ్బతిన్న ఊపిరితిత్తి కూడా ఇలా ముడుచుకోవచ్చు. మంచి మందులు లేని రోజుల్లో వైద్యులే క్షయరోగి ఛాతీలోకి గాలి పంపి, ఊపిరితిత్తికి విశ్రాంతి అని దాన్ని ముడిచేవారు. శానటోరియంలో చేరకుండా ఇంటి దగ్గరే మందులు వాడినా క్షయ నయమవుతుందని చూపింది మన ఊరే. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన కేంద్రం 1959లో ఆ ఫలితాలు ప్రకటించింది. చెట్‌పట్‌లోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ అదే. క్షయ మందులు మధ్యలో ఆపకూడదు.

బడిలో ఇలాంటి నొప్పి వస్తే ఆట ఆపించి, వెంటనే ఆసుపత్రికి పంపాలి. పెదవులు నీలంగా మారినా, ఊపిరి అందకపోయినా 108కి ఫోన్ చేయాలి. చాలావరకు ఎక్స్‌రేతోనే తెలిసిపోతుంది. గాలి కొద్దిగా ఉంటే కనిపెట్టి చూస్తారు. ఎక్కువైతే సూదితోనో గొట్టంతోనో తీస్తారు.

ఆసుపత్రిలో తమిళంలో చెప్పాల్సి వస్తే మూడు మాటలు చాలు: ఛాతీ నొప్పికి 'నెంజు వలి', ఆయాసానికి 'మూచ్చు తిణరల్', ఊపిరితిత్తికి 'నురైయీరల్'. తాతకో, మేనమామకో, పెదనాన్నకో ఇలా వచ్చి ఉంటే ఆ సంగతి తప్పక చెప్పండి.