తరఫుదారుల కలహము

హైదరాబాదు నగరమందలి ఉస్మాన్‌గంజ్ వర్తకులకు నిలయము. అచ్చటి వర్తకుడొకడు దూరపు ఊరిలో ఒక గుమాస్తాను నియమించినాడనుకొందము. సరకు కొనువాడు, పైకము పుచ్చుకొనువాడు, గిడ్డంగి తాళము దాచుకొనువాడు ముగ్గురును ఆ గుమాస్తాయే యైనచో, కొన్నాళ్ళకు యజమానికి మిగులునది అంగడిమీది పేరు మాత్రమే. రాజ్యములకును ఇట్టి గతియే పట్టుట కలదు. ఆ గంజికి పడమరగా కొన్ని మైళ్ళ దూరముననున్న గోలకొండ కోట ఇందుకు సాక్ష్యము.

1347వ సంవత్సరమున అల్లావుద్దీన్ హసన్ బహమన్‌షా దక్కనులో బహమనీ రాజ్యమును స్థాపించెను. మొదట గుల్బర్గా, పిదప బీదరు దానికి రాజధానులయ్యెను. రాజ్యమును గుల్బర్గా, దౌలతాబాదు, బీరారు, బీదరు అను నాలుగు తరఫులుగా విభజించి, ఒక్కొక్కదానికి ఒక తరఫుదారుని నియమించిరి. పన్ను వసూలు, సైన్యపోషణము, కోటల అధికారము, ఈ మూడును అతని చేతిలోనే యుండెను. దూరములు ఎక్కువ, బాటలు తక్కువయైన ఆ కాలమున ఇట్టి యేర్పాటు తప్పనిసరి. కాని రాజ్యము పెరిగినకొలది తరఫులును పెరిగి, తరఫుదారుడు చిన్నరాజే యయ్యెను. దీనికి తోడు ప్రభువులలో రెండు కక్షలు బయలుదేరెను. దక్కనులో ముందే స్థిరపడినవారు దక్కనీలు. పారశీకము మున్నగు దేశములనుండి క్రొత్తగా వచ్చినవారు ఆఫాకీలు. పదవులకొరకు వీరు నిత్యము కలహించుచుండిరి.

పారశీకమందలి గిలాను ప్రాంతమునుండి వర్తకుడుగా వచ్చిన మహమూద్ గవాను, మూడవ మహమ్మదుషా కాలమున ప్రధానమంత్రి యయ్యెను. బీదరులో 1472లో పూర్తియైన గొప్ప విద్యాలయము అతడు కట్టించినదే. రాజ్యమునకు పట్టిన రోగమును అతడు గుర్తించెను. నాలుగు తరఫులను ఎనిమిదిగా విభజించెను. ప్రతి తరఫులో కొంత భూమిని నేరుగా సుల్తాను క్రిందికి తెచ్చెను. తరఫుదారునకు ఒక్క కోటను మాత్రమే విడిచి, తక్కిన కోటలకు అధికారులను సుల్తానే నియమించునట్లు చేసెను. పోషింపవలసిన సైనికుల సంఖ్య తగ్గినచో, ఆ మేరకు సొమ్ము తిరిగి చెల్లింపవలెనని శాసించెను.

అధికారము జారిపోవుచుండ ఎవడు సహించును? కొందరు ప్రభువులు కుట్ర పన్ని, గవాను ముద్రను ఒక ఖాళీ కాగితముపై వేయించి, ఒరిస్సా రాజును దండెత్తి రమ్మని అతడు పిలిచినట్లు దొంగలేఖ సృష్టించిరి. మద్యపానమత్తుడైన సుల్తాను విచారణ లేకయే ఆ వృద్ధమంత్రికి మరణశిక్ష విధించెను. ఇది 1481లో జరిగినది. మరుసటి యేడు సుల్తానును మరణించెను.

సింహాసన మెక్కిన మహమూదుషా పండ్రెండేండ్ల బాలుడు. ఇక తరఫుదారులకు అడ్డు లేకపోయెను. 1490 ప్రాంతమున అహమ్మదునగరు, బిజాపురము, బీరారు వేరుపడెను. బీదరులో అధికారము బరీదుల వశమయ్యెను. తెలంగాణమును పాలించుచుండిన కులీ కుతుబుల్‌ముల్కు గోలకొండలో స్థిరపడెను. అచ్చటి జామీ మసీదులోని 1518 నాటి శాసనమున సుల్తాను మహమూదుషా పేరే కనబడును. పేరు బీదరుది, అధికారము గోలకొండది! ఆ కులీయు 1543లో సొంత కుమారుడైన జంషీదు కుట్రవలననే హతుడయ్యెను.

ఇంచుమించు ఆ కాలముననే, సముద్రముల కావలనున్న జపాను దేశమునను ఇట్టి కథయే నడచెను. అచ్చట షోగును అను సేనాధిపతి దేశమును పాలించుచు, రాష్ట్రములకు షుగోలను అధికారులను నియమించెడివాడు. వారును క్రమముగా బలపడిరి. షోగును వారసుని నిర్ణయించుటలో వివాదము పుట్టగా, హొసొకావా, యమానా వంశముల ప్రభువులు 1467 నుండి 1477 వరకు పోరాడి క్యోటో నగరమును బూడిద చేసిరి. పిమ్మట నూరేండ్లకు పైగా దేశమంతట యుద్ధములే. 1603లో షోగునైన తొకుగావా ఇయెయాసు వంశము శాంతిని నెలకొల్పెను. 1615లో ఆ ప్రభుత్వము చేసిన శాసనమేదో తెలియునా? ప్రతి సంస్థానమునకు ఒక్క కోటయే యుండవలెను! గవాను ఆలోచనయే అది. అచ్చట దానిని నిలుపగల బలము పాలకునకు ఉండెను. ఇచ్చట ఆలోచన చెప్పినవానినే చంపిరి.

దక్కను సుల్తానులు 1565లో విజయనగరముపై ఒక్కసారి ఏకమైరి గాని, తరువాత మరల కలహించిరి. 1686లో బిజాపురమును, 1687లో గోలకొండను మొగలు చక్రవర్తి ఔరంగజేబు జయించెను. ఆ మొగలుల సుబేదారుడైన నిజాముల్‌ముల్కే 1724లో దక్కనులో స్వతంత్రుడయ్యెను. పాత కథ మరల మొదలయ్యెను.

బాలబాలికలారా! అధికారమును పంచనిదే పెద్ద రాజ్యము నడువదు. లెక్క అడుగనిదే పంచిన అధికారము తిరిగిరాదు. ఆ లెక్క అడిగినవాడు గవాను. గోలకొండ చూడబోయినపుడు, ప్రాణము కోల్పోయిన ఆ మంత్రినిగూడ తలచుకొనుడు.