మీకు తెలుసా? షాంఘై తాతల జాజ్

షాంఘైలోని పీస్ హోటల్లో 1980 నుంచి జాజ్ వాయిస్తున్న బృందం మీద 2013లో డాక్యుమెంటరీ వచ్చేసరికి అందులోని కళాకారుల వయసు 65 నుంచి 87 ఏళ్లు! రిటైర్మెంటంటే ఇలా ఉండాలి. చైనా సాంస్కృతిక విప్లవం రోజుల్లో ఈ సంగీతం అక్కడ నిషిద్ధం. అంతకు చాలా ముందే, 1930లలో, అమెరికన్ ట్రంపెట్ విద్వాంసుడు బక్ క్లేటన్ ఈ నగరానికొచ్చి కానిడ్రోమ్ బాల్‌రూమ్‌లో బ్యాండు నడిపాడు. ఆ బాల్‌రూమ్ ఉన్నది ఎక్కడనుకున్నారు, కుక్కల పందేలు జరిగే చోట! ఆయన్ని షాంఘైకి రప్పించిన పియానిస్టు టెడీ వెదర్‌ఫర్డ్‌కి మన దేశంతోనూ సంబంధం ఉంది. తర్వాతి కాలంలో కలకత్తా గ్రాండ్ హోటల్లో బ్యాండు నడిపిన ఆయన, 1945లో ఆ ఊళ్లోనే కలరాతో చనిపోయాడు.