గాలి తరంగాల మీద వినేవాడికీ హక్కుంది: అమెరికా టెలికాం, ప్రసార న్యాయవాదుల గురించి అపోహలు – వాస్తవాలు

అమెరికాలో టెలికాం, ప్రసార చట్టాలే వృత్తిగా చేసుకున్న లాయర్ల మాట వస్తే సాధారణంగా వినిపించే అభిప్రాయం ఒకటే. వాళ్లు ఫోన్ కంపెనీల కోసం, టీవీ నెట్‌వర్క్‌ల కోసం వాషింగ్టన్‌లో పైరవీలు చేసేవాళ్లు. ఫోను బిల్లు కట్టే మనిషికీ రేడియో వినే మనిషికీ వాళ్లతో పని లేదు. ఇందులో కొంత నిజం ఉంది. ఆ రంగంలో పెద్ద ఫీజులు చెల్లించేది పెద్ద కంపెనీలే. కానీ ఆ కొంత నిజాన్ని పూర్తి నిజంగా తీసుకోవడం వల్ల మనం పోగొట్టుకుంటున్నది చాలా ఉంది. ఈ చట్టంలో చివరికి కోర్టు ముందు నిలిచేది పరిచయం కాదు, పలుకుబడి కాదు, రికార్డులోకి ఎక్కిన కాగితం. ఆ కాగితం దాఖలు చేసే హక్కు కంపెనీకి ఎంత ఉందో, శ్రోతకూ ప్రేక్షకుడికీ, ఊరికీ, బడికీ కూడా ఉంది.

ముందుగా, ఈ లాయర్లు రోజూ కోర్టులో వాదిస్తారన్న ఊహ సరికాదు. రేడియో తరంగాలు ఎవరి సొంత ఆస్తీ కావని, ప్రజా ప్రయోజనం కోసం వాడతామన్నవారికే పరిమిత కాలానికి లైసెన్సు ఇవ్వాలని 1927 రేడియో చట్టం నిర్ణయించింది. 1934 కమ్యూనికేషన్స్ చట్టం ఆ సూత్రాన్నే నిలుపుకుని ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్‌ను, అంటే ఎఫ్‌సీసీని ఏర్పాటు చేసింది. ఇప్పుడు చట్టం ప్రకారం అందులో ఐదు సభ్య స్థానాలు. ఒకే పార్టీవారు ముగ్గురికి మించకూడదు. ఆ కమిషన్ ముందు పనిచేసే లాయర్లు 1936లోనే తమ సంఘం పెట్టుకున్నారు. వాళ్ల పనిలో సింహభాగం రాతపని. ఎఫ్‌సీసీ కొత్త నిబంధన ప్రతిపాదించినప్పుడు వ్యాఖ్యలు రాయడం, ఎదుటివారి వ్యాఖ్యలకు జవాబులు రాయడం, యాంటెన్నా ఎత్తు గురించీ సిగ్నల్ అడ్డంకుల గురించీ ఇంజనీర్ ఇచ్చిన లెక్కలను చట్టం భాషలోకి తేవడం, లైసెన్సు దరఖాస్తులు పెట్టడం, ఇతరుల దరఖాస్తులను వ్యతిరేకించడం. కమిషనర్‌ను కలిసి మాట్లాడినా, ఏం మాట్లాడారో రెండు పనిదినాల్లోగా రాతపూర్వకంగా దాఖలు చేయాలి. అది అందరూ చదవొచ్చు. తర్వాత ఎవరైనా అప్పీలుకు వెళ్తే న్యాయమూర్తులు చూసేది ఆ రికార్డునే. దాఖలైన గట్టి అభ్యంతరానికి కమిషన్ జవాబు చెప్పకపోతే ఆ ఉత్తర్వు కోర్టులో నిలవడం కష్టం.

వాళ్ల కక్షిదారులంతా కంపెనీలేనన్నది రెండో అపోహ. పల్లె ప్రాంతాల టెలిఫోన్ సహకార సంఘాలు, ఇంటర్నెట్ ఖర్చుకు సాయం అడిగే బడులు, గ్రంథాలయాలు, టవర్ల విషయంలో కంపెనీలతో తలపడే మునిసిపాలిటీలు, బధిరుల సంఘాలు, హామ్ రేడియో ఔత్సాహికులు కూడా ఈ లాయర్ల దగ్గరికే వెళ్తారు. అయితే ఈ రంగం తలుపు సామాన్యుడికి తెరుచుకున్న సందర్భాన్ని కొంత వివరంగా చెప్పుకోవాలి. అది మిసిసిపీ రాష్ట్రం జాక్సన్ నగరంలోని డబ్ల్యూఎల్‌బీటీ టీవీ స్టేషన్ కథ. ఆ స్టేషన్ ప్రసారాలు అందే ప్రాంతంలో 40 శాతానికి పైగా జనం నల్లజాతివారు. అయినా తెరమీద వాళ్ల గొంతు వినిపించేది కాదు. 1955లో జాతి సమస్యపై నెట్‌వర్క్ కార్యక్రమం వస్తుండగా, నల్లజాతి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ ప్రధాన న్యాయవాది మాట్లాడుతున్న సమయంలో, కేబుల్ లోపం అన్న బోర్డు పెట్టి కార్యక్రమాన్ని కావాలనే ఆపేశారని ఫిర్యాదు వచ్చింది. ఆ న్యాయవాది థర్‌గుడ్ మార్షల్, తర్వాతి కాలంలో సుప్రీంకోర్టు న్యాయమూర్తి.

1964లో ఆ స్టేషన్ లైసెన్సు పునరుద్ధరణకు వచ్చినప్పుడు యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్‌కు చెందిన ఎవరెట్ పార్కర్ దాన్ని వ్యతిరేకించాలని నిశ్చయించాడు. ఆరోపణలు చేసి ఊరుకోలేదు. ఆ మార్చి మొదటి వారంలో స్థానిక స్వచ్ఛంద కార్యకర్తలతో స్టేషన్ ప్రసారాలను వారం పాటు గమనింపజేసి, ఏది ప్రసారమైందో, ఏది కాలేదో నమోదు చేయించాడు. ఆ నమోదుల ఆధారంగానే పిటిషన్ వేశారు. అప్పటిదాకా లైసెన్సును సవాలు చేసే అర్హత ఇద్దరికే ఉండేది: తమ సిగ్నల్‌కు అడ్డు తగులుతోందనే మరో స్టేషన్‌కు, తమ వ్యాపారం దెబ్బతింటుందనే పోటీదారుకు. చూసేవాళ్లు లెక్కలో లేరు. ఎఫ్‌సీసీ ఆ పాత వాదాన్నే పట్టుకుని, విచారణ జరపకుండా ఏడాది షరతులతో లైసెన్సు పొడిగించింది. 1966లో డీసీ సర్క్యూట్ అప్పీల్ కోర్టు దాన్ని తప్పుపట్టింది. ప్రసారాలు వినే, చూసే ప్రజల ప్రతినిధులకు జోక్యం చేసుకునే హక్కు ఉందని తీర్పు రాసింది న్యాయమూర్తి వారెన్ బర్గర్, ఉదారవాదిగా పేరున్న మనిషేమీ కాదు. విచారణ జరిగాక కూడా కమిషన్ లైసెన్సు ఇస్తే, 1969లో అదే కోర్టు, అదే న్యాయమూర్తి కలంతో, ఆ పునరుద్ధరణను కొట్టేసింది. నాకు ఈ కేసులో అన్నిటికన్నా గొప్పగా కనిపించేది ఆ వారం రోజుల గమనింపు పుస్తకం. న్యాయవాదుల వాదన ఎంత పదునైనదైనా, దాని కింద ఆ సామాన్యులు రాసిన వివరాలు లేకపోతే నిలబడేది కాదు.

తరంగాలు ప్రజల ఆస్తి అన్న ఆలోచన అమెరికాకే పరిమితం కాలేదు. 1995 ఫిబ్రవరిలో భారత సుప్రీంకోర్టు క్రికెట్ అసోసియేషన్ ఆఫ్ బెంగాల్ కేసులో అదే మాట చెప్పింది. ఆ ధర్మాసనంలో విడిగా ఏకీభావ తీర్పు రాసిన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి ఎదిగినవారు. ఆయన అమెరికా ప్రసార చట్టాన్నీ, ఐరోపా దేశాల తీర్పులనూ విస్తారంగా పరిశీలించి, తరంగాలు ప్రభుత్వ గుత్తాధిపత్యంలోనూ ఉండకూడదు, పూర్తిగా ప్రైవేటు చేతుల్లోనూ ఉండకూడదన్న వైపు మొగ్గారు.

ఇదంతా అరవై ఏళ్ల నాటి మాట, ఇప్పుడు డబ్బుదే రాజ్యం కదా అని ఎవరైనా అడగొచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఇంటర్నెట్ కంపెనీలు అన్ని సైట్లనూ సమానంగా చూడాలన్న నెట్ న్యూట్రాలిటీ నిబంధనల రద్దుపై 2017లో ఎఫ్‌సీసీకి 2 కోట్ల 20 లక్షలకు పైగా వ్యాఖ్యలు వచ్చాయి. వాటిలో దాదాపు 1 కోటి 80 లక్షలు నకిలీవని న్యూయార్క్ అటార్నీ జనరల్ 2021లో తేల్చారు. బ్రాడ్‌బ్యాండ్ కంపెనీల డబ్బుతో నడిచిన ప్రచారం నుంచి 85 లక్షలు పుడితే, రెండో వైపున ఒక 19 ఏళ్ల కాలేజీ విద్యార్థి ఒక్కడే 77 లక్షలు పంపాడు. ఇంతకన్నా ప్రజాభిప్రాయానికి అవమానం ఉండదు. కానీ ఈ ఉదంతం అసలు వాస్తవాన్నే చూపిస్తోంది. నిబంధనల తయారీ ఎన్నిక కాదు. ఎన్ని వ్యాఖ్యలు వచ్చాయన్నది లెక్క కాదు. అదే వ్యవహారంలో కాలిఫోర్నియాలోని శాంటా క్లారా కౌంటీ, తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్న సిలికాన్ వ్యాలీ కౌంటీ, అగ్నిప్రమాదాలు, అత్యవసర సేవలు బ్రాడ్‌బ్యాండ్‌పై ఎలా ఆధారపడ్డాయో తన వ్యాఖ్యల్లో వివరించింది. కమిషన్ దానికి సరైన జవాబు ఇవ్వలేదు. 2018లో మెండొసినో కార్చిచ్చు సమయంలో ఆ కౌంటీ అగ్నిమాపక దళం వాడుతున్న వెరిజాన్ కనెక్షన్ వేగం తగ్గిపోయి ఆ భయం నిజమైంది. 2019 అక్టోబరులో డీసీ సర్క్యూట్ రద్దును చాలావరకు సమర్థించినా, ప్రజా భద్రతతో సహా మూడు అంశాలను కమిషన్‌కు తిప్పిపంపింది. రాష్ట్రాలు సొంత చట్టాలు చేసుకోకుండా పెట్టిన నిషేధాన్నీ కొట్టేసింది. మరుసటి ఏడు కమిషన్ తన నిర్ణయాన్నే తిరిగి ఖాయం చేసిన మాట నిజం. అయినా కోటికి పైగా నకిలీ వ్యాఖ్యలు చేయలేని పనిని ఒక కౌంటీ రాసిన వివరమైన వ్యాఖ్య చేసింది.

కమిషన్‌కూ కంపెనీలకూ మధ్య మనుషులు అటూ ఇటూ తిరుగుతుంటారు, అక్కడ నిష్పక్షపాతం ఎక్కడిదన్నది మరో అభ్యంతరం. తిరగడం నిజమే. 2017 నుంచి 2021 వరకు ఛైర్మన్‌గా ఉన్న అజిత్ పాయ్ ఒకప్పుడు వెరిజాన్ లాయర్. అయితే ఆయనకు ముందున్న టామ్ వీలర్ కేబుల్ కంపెనీల సంఘానికీ, సెల్‌ఫోన్ కంపెనీల సంఘానికీ సారథ్యం వహించిన మనిషి. 2015లో ఆ కంపెనీలు గట్టిగా వ్యతిరేకించిన నెట్ న్యూట్రాలిటీ నిబంధనలు తెచ్చింది ఆయనే. పాత ఉద్యోగాన్ని చూసి నిర్ణయాన్ని ఊహించడం అంత తేలిక కాదు.

టీవీలో, ఇంటర్నెట్‌లో వచ్చే ప్రతి మాటనూ ఎఫ్‌సీసీ ఆపగలదని, ఈ లాయర్లు సెన్సారు అధికారులకు సలహాదారులని అనుకునేవాళ్లూ ఉన్నారు. కమిషన్‌కు సెన్సారు అధికారం లేదని 1934 చట్టం 326వ సెక్షన్ సూటిగా చెబుతోంది. అసభ్య ప్రసారాలపై ఉన్న ఆంక్షలు ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు గాలి తరంగాల మీద వచ్చే ప్రసారాలకే. కేబుల్‌కు వర్తించవు, యూట్యూబ్‌కు అసలే వర్తించవు. లైసెన్సులు ఉండేది స్టేషన్లకు, నెట్‌వర్క్‌లకు కాదు. 2004 సూపర్ బౌల్ ప్రసారంలో గాయని జానెట్ జాక్సన్ దుస్తులు జారిన ఘటనపై విధించిన 5,50,000 డాలర్ల జరిమానా కూడా సీబీఎస్ సొంత స్టేషన్ల మీదే పడింది. కోర్టులు చివరికి దాన్నీ రద్దు చేశాయి. కానీ చట్టం ఎంత స్పష్టంగా ఉన్నా, అధికారంలో ఉన్నవారి నోటిమాటకు బలం లేదని చెప్పలేం. 2025 సెప్టెంబరులో ఏబీసీలో వచ్చే జిమ్మీ కిమ్మెల్ కార్యక్రమంపై ఎఫ్‌సీసీ ఛైర్మన్ బ్రెండన్ కార్ బహిరంగంగా హెచ్చరించిన రోజే టీవీ స్టేషన్ల యజమాని నెక్స్‌స్టార్ తన స్టేషన్లలోనూ, ఏబీసీ తన నెట్‌వర్క్‌లోనూ దాన్ని ఆపేశాయి. అప్పటికి నెక్స్‌స్టార్ టెగ్నా సంస్థను కొనబోతోంది. దానికి అప్పట్లో ఎఫ్‌సీసీ అనుమతి కావాల్సి ఉంది. వారం తిరక్కుండా ఏబీసీలో కార్యక్రమం మళ్లీ మొదలైంది. కానీ రికార్డు లేకుండా, ఉత్తర్వు లేకుండా, అప్పీలుకు అవకాశం లేకుండా జరిగిన ఒత్తిడి అది. రాతపూర్వక ప్రక్రియ ఎందుకు కావాలో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

మనవాళ్లకు నేరుగా తగిలే అపోహ ఇంకొకటి: డబ్బుంటే రేడియో స్టేషన్ కొనొచ్చు. 310వ సెక్షన్ ప్రకారం పౌరుడు కానివాడు ప్రసార లైసెన్సు పొందలేడు. గ్రీన్‌కార్డు ఉన్నా అంతే. లైసెన్సుదారు కంపెనీలో విదేశీ వాటా 20 శాతానికి, దాని పై కంపెనీలో 25 శాతానికి మించరాదు. రూపర్ట్ మర్డోక్ టీవీ స్టేషన్లు కొనడానికి 1985లో అమెరికా పౌరసత్వం తీసుకున్నది ఇందుకే. పై కంపెనీ విషయంలో ఎఫ్‌సీసీ ప్రత్యేకంగా అనుమతిస్తే 25 శాతం దాటొచ్చు. 2017లో ఆస్ట్రేలియా దంపతులకు అలాస్కా తదితర చోట్ల కొన్ని రేడియో స్టేషన్లపై నూరు శాతం యాజమాన్యానికి అనుమతి దొరికింది. అది దానంతట అది రాలేదు, పిటిషన్ వేస్తే వచ్చింది. వేరేవారి స్టేషన్‌లో సమయం కొని తెలుగు కార్యక్రమం నడిపేవాళ్లు కూడా గుర్తుంచుకోవాలి: ప్రసారమైన ప్రతి మాటకూ బాధ్యత లైసెన్సుదారుదే, డబ్బిచ్చి చేయించిన ప్రసారమైతే ఆ సంగతి శ్రోతకు చెప్పి తీరాలి. ఇంటర్నెట్ రేడియోకు ఎఫ్‌సీసీ లైసెన్సు అక్కర్లేదు గానీ పాటల హక్కుల రుసుము తప్పదు.

2024 జూన్‌లో సుప్రీంకోర్టు లోపర్ బ్రైట్ తీర్పుతో నియంత్రణ సంస్థల వ్యాఖ్యానానికి కోర్టులు తలవంచాల్సిన పని లేదంది కాబట్టి ఈ వృత్తి పనైపోయిందని కొత్తగా వినిపిస్తోంది. జరుగుతున్నది దానికి విరుద్ధం. 2025 జనవరి 2న ఆరో సర్క్యూట్ కోర్టు ఆ తీర్పు ఆధారంగానే, ఎఫ్‌సీసీ తర్వాత తిరిగి తెచ్చిన నెట్ న్యూట్రాలిటీ నిబంధనలను కొట్టేసింది. అదే ఏడు జూన్‌లో, రోబోకాల్స్ చట్టానికి ఎఫ్‌సీసీ చెప్పిన అర్థం జిల్లా కోర్టులను కట్టిపడేయదని సుప్రీంకోర్టు చెప్పింది. ఫోను బిల్లులో కనిపించే యూనివర్సల్ సర్వీస్ రుసుమును మాత్రం 6–3తో నిలబెట్టింది. కమిషన్ చెప్పిన అర్థంతో తేలిపోయే వివాదం ఇప్పుడు జిల్లా కోర్టులోనూ మళ్లీ వాదనకు రావొచ్చు.

రేడియో, టీవీ లైసెన్సు గడువు 8 ఏళ్లు. వర్జీనియా, మేరీలాండ్, వెస్ట్ వర్జీనియా, వాషింగ్టన్ డీసీ రేడియో స్టేషన్ల గడువు 2027 అక్టోబరు 1న ముగుస్తుంది. పునరుద్ధరణ దరఖాస్తులు ఆ జూన్ ఆరంభంలో వస్తాయి. వ్యతిరేక పిటిషన్లకు సెప్టెంబరు ఆరంభం దాకా సమయం. స్టేషన్ ప్రసారాలు అందే చోట ఉండే శ్రోత, తనకు స్వయంగా తెలిసిన విషయాలను అఫిడవిట్‌తో రాసి పిటిషన్ వేయొచ్చు; పిటిషన్ దాకా వెళ్లలేనివారు మామూలు అభ్యంతరమైనా పంపొచ్చు. ప్రతి మూడు నెలలకూ ఏయే స్థానిక సమస్యలపై కార్యక్రమాలు చేశారో స్టేషన్లు ఆన్‌లైన్ పబ్లిక్ ఫైలులో పెట్టాలి. అది ఎఫ్‌సీసీ వెబ్‌సైటులో ఉంటుంది, చదవడానికి లాయర్ అక్కర్లేదు, రుసుమూ లేదు.